టెస్టు బొమ్మ

ఇళ్ళలో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లంటే మేస్త్రికి ఎంత చులకనో చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆయన వాటిని ప్రింటర్లని ఎప్పుడూ అనలేదు. "ఉమ్మి డబ్బాలు" అంటాడు. కాగితం మీద రంగు ఉమ్ముకుంటూ అటూ ఇటూ తిరగడం తప్ప వాటికి ఇంకేం చేతకాదని ఆయన ఉద్దేశం.

నోరు అలాంటిదే కానీ మనిషి పనిమంతుడు. ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపాడు. ముందు గదిలో ఫోటోలు తీయడం, వెనక గదిలో గోడకీ గోడకీ మధ్య నిండిపోయిన కలర్ మిషను మీద వాటిని అచ్చు వేయడం. అందుకే పేటంతా ఆయన్ని మేస్త్రి అని పిలిచేవాళ్ళు. సొంత పేరు భార్యకైనా గుర్తుందో లేదో! ఫోన్లలో కెమెరాలు వచ్చాక స్టూడియో మూతబడింది. మిషన్ని తుక్కు కింద తూకానికి అమ్మేశారు. అప్పట్నుంచి మేస్త్రికి లోకంలో ఏదీ నచ్చదు. ఫోన్లో తీసిన ఫోటో నచ్చదు, తీసినవాడు నచ్చడు, దాన్ని చూసి బాగుందన్నవాడు అసలే నచ్చడు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం చేసే అల్లుడు అప్పుడప్పుడు సూర్యాస్తమయం ఫోటోలు పంపిస్తుంటాడు. వాటిని చూసి, "సూర్యుడేం పాపం చేశాడే?" అని కూతుర్ని అడుగుతాడు.

ఆయన చులకన చేయనిది ఒక్క మనవరాల్నే. తల్లి ఆసుపత్రిలో నర్సు, డ్యూటీలు ఎప్పుడు పడతాయో తెలియవు కాబట్టి పిల్ల తాతయ్య ఇంట్లోనే పెరుగుతోంది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు. పొద్దున లేచింది మొదలు హాల్లో తాడాట. టప్, టప్, టప్... కింద వాటాలోవాళ్ళు పైకొచ్చి తగువు పెట్టుకున్నా ఆగదు. దాని ఫోటో ఒక్కటీ కుదురుగా రాలేదు. ఒకదాంట్లో చెయ్యి అలుక్కుపోయి ఉంటుంది, ఒకదాంట్లో తల. స్టూడియోలో ఎన్ని వేలమంది పిల్లల్ని "కదలొద్దు... ఇంకొక్కటే" అని గదమాయించాడో లెక్కలేని మనిషి, దీని అలుక్కుపోయిన ఫోటోలు మాత్రం చూసి మురిసిపోతాడు.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారానికి పిడుక్కి ఎనిమిదేళ్ళు నిండుతాయి. ఏం కావాలే అంటే, పుట్టినప్పట్నుంచీ తన ఫోటోలన్నీ మంచం పక్క గోడకి వరసగా అంటించాలంది. తల్లి ఫోన్లోంచి నలభై ఏరింది.

"బజార్లో ఇస్తే గంటలో ఇచ్చేస్తారు నాన్నా."

"ఇస్తారు. నా మనవరాల్ని టమాటా పండులా చేసి ఇస్తారు."

"అయితే నువ్వే వేసిపెట్టు. ఒక ప్రింటర్ కొందాం."

మేస్త్రి రెండ్రోజులు విసుక్కున్నాడు. మూడో రోజు చొక్కా తొడుక్కుని, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బయల్దేరాడు. పిడుగు అడిగిందంటే ఉమ్మి డబ్బానైనా ఇంటికి తేవాల్సిందే కదా.

ఆ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఒక బొమ్మ ఉంది. ల్యాబు నడిపినవాళ్ళకి దాని సంగతి తెలుస్తుంది. రోజూ పొద్దున మిషను వేడెక్కగానే ముందు ఒక టెస్టు బొమ్మ వేసి, కిటికీ వెలుతురులో పెట్టి రంగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటారు. అందులో మూడు ఉండాలి. మరీ తెలుపూ మరీ నలుపూ కాని మనిషి చర్మం, నిక్కమైన నలుపు ఏదైనా ఒకటి, బూడిద రంగు. అన్నిటికంటే కష్టం బూడిదే. మిషన్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా అది ఎర్రబారుతుంది, లేదా పచ్చబారుతుంది. మేస్త్రి టెస్టు బొమ్మలో ఒక స్త్రీ ఉంది. చామనఛాయ ముఖం, నల్లటి జుట్టు, భుజాల మీద బూడిద రంగు శాలువా. ఛాతీ దగ్గర బొమ్మ తెగిపోతుంది. చూడటం అయ్యాక దాన్ని అడ్డంగా చింపేయడం ఆయన అలవాటు, పొరపాటున ఎవరి కవర్లోకైనా పోతుందని. రెండు బొటనవేళ్ళూ ఆనించి ఒక్క లాగు. ఎడమ కనుబొమ దగ్గర మొదలై, ముక్కు మీదుగా, కుడి దవడ దాకా. ఏళ్ళ తరబడి రోజుకొకటి. ఎవరీవిడ అని ఎవరైనా అడిగితే "ఎవరో" అనేవాడు.

షాపులో సేల్స్‌మన్‌ది నడివయసు. టైతో పాటు ఓపిక కూడా మెడకి కట్టుకుని వచ్చినట్టున్నాడు. మేస్త్రి లోపల అడుగుపెట్టగానే మొదలుపెట్టాడు.

"ఇది తీసుకోండి సార్, స్కానింగ్ ఉంది, వైఫై ఉంది, ఫోన్లోంచే..."

"ఫోటో వేస్తుందా?"

"అద్భుతంగా వేస్తుంది సార్."

"వేయించు."

మొదటి ప్రింటరు చవకది, బుల్లి కాట్రిడ్జులది. బొమ్మ బయటికి రాగానే మేస్త్రి దాన్ని రెండువేళ్ళతో పట్టుకుని షాపు గుమ్మం దాకా నడిచి, ఎండలో చూశాడు. "ఈవిడకి జ్వరమా?" అన్నాడు. శాలువా గులాబీ రంగులోకి తిరిగింది. చింపి బుట్టలో వేశాడు.

రెండోది పెద్ద పెద్ద ఇంకు ట్యాంకులది. వేల పేజీలు వస్తాయని సేల్స్‌మన్ ఊరించాడు. "వేల పేజీలు చెడగొట్టే ఓపిక నాకు లేదు నాయనా" అన్నాడు మేస్త్రి. నలుపులో జీవం లేదు, బూడిదలోకి పచ్చ దిగింది. పిల్లల పరీక్ష పేపర్లు వేసుకోవడానికి పనికొస్తుందని తేల్చి దాన్నీ చింపాడు. సేల్స్‌మన్ ముఖంలో నవ్వు సగం మాత్రమే మిగిలింది.

మూడోది మూలన ఉంది. ఆరు రంగులది, వెనకనుంచి దళసరి కాగితం తిన్నగా లోపలికి పోతుంది. పైన దుమ్ము.

"అది ఎవరూ కొనరు సార్. ఎన్నాళ్ళుగానో అక్కడే ఉంది."

"ఎవరూ కొనలేదంటే పనికొచ్చేదేమో. వేయించు."

కాగితం మెల్లగా బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని ఎండలో పట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. బూడిద బూడిదగా ఉంది. ఎరుపు లేదు, పచ్చ లేదు. గది నిండిన తన మిషను మీద కూడా ఆయన అంత నికరమైన బూడిదని చూడలేదు. శాలువా నేతలో పోగులు కనిపిస్తున్నాయి.

ఒక్క సంగతి మాత్రం కుదరలేదు. ఛాతీ దగ్గర తెగిపోవాల్సిన బొమ్మ, రెండు వేళ్ళ మందం కిందికి దిగింది. ఫైల్లో లేని శాలువా అంచు కాగితం మీద ఉంది. అంచుల్లేకుండా వేసేటప్పుడు ఈ డబ్బాలు బొమ్మని సాగదీసి చుట్టూ కోసేస్తాయని మేస్త్రికి తెలుసు. కోయాల్సింది కలపడమేంటి? వేరేవాడైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. ఈయన ఆ బూడిద రంగు చూసి మైమరిచిపోయాడు. తన కన్ను మీద తనకున్న మురిపెం అలాంటిది. అలవాటుగా బొమ్మని చింపి బుట్టలో పడేసి, ఉమ్మి డబ్బాని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం. కూతురు డ్యూటీకి వెళ్ళింది. భార్య వంటింట్లో ఉంది. మబ్బు పట్టి వెలుతురు మెత్తగా ఉంది, రంగులు చూసుకోవడానికి అంతకంటే మంచి వెలుతురు ఉండదు. చిన్నగదిలో కిటికీ పక్కన ప్రింటరు పెట్టి మేస్త్రి స్విచ్ వేశాడు. లోపల ఏదో కదిలింది, కాస్త గురగురలాడింది, ఆగింది. ఇంకు వాసన గదంతా పరుచుకుంది. తడి బట్టలు మూసిన గదిలో ఆరేసినట్టు, కాస్త చేదుగా, కాస్త తియ్యగా.

ముందు టెస్టు బొమ్మ. శాలువా ఈసారి ఇంకా కిందికి దిగింది. మోచెయ్యి కనిపిస్తోంది. మేస్త్రి పెదవి విరిచి చింపేశాడు.

తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిడుగు అడిగింది. "ఆవిణ్ణి ఎందుకు చింపావు తాతయ్యా?"

"అది ఆవిడ కాదే, టెస్టు బొమ్మ."

"మరి అలా చూస్తోందేం?"

బుట్టలోకి చూశాడు. పైముక్క వెల్లకిలా పడి ఉంది. ఒక కన్ను, సగం ముక్కు. పిల్ల మాటలకేంలే అనుకుని బుట్టని కాలితో బల్ల కిందికి నెట్టాడు. పిడుగు హాల్లోకి గెంతుకుంటూ పోయింది. టప్, టప్, టప్.

మొదటి ఫోటో, పిడుక్కి ఏడాది నిండినప్పటిది. ప్రింటరు అటూ ఇటూ తిరిగి కాగితాన్ని బయటికి తోసింది. మేస్త్రి చేతిలోకి తీసుకుని ముఖం చిట్లించాడు. పిల్ల ముఖం మీద తెల్లటి గీత.

"చూశావా, గీత వేసేసింది!" అన్నాడు తనలో తనే. అందులో కాస్త సంతోషం కూడా ఉంది. ఇంకు రంధ్రాలు పూడుకుంటే గీతలు పడతాయి, ఉమ్మి డబ్బాలకి మామూలు జబ్బే. రంధ్రాలు శుభ్రం చేసే మీట నొక్కాడు. లోపల యంత్రం గుటకలు వేసింది. మళ్ళీ అదే ఫోటో వేశాడు. మళ్ళీ అదే గీత.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళజోడు సర్దుకున్నాడు. అప్పుడు చూశాడు.

రంధ్రం పూడితే గీత తిన్నగా పడుతుంది. స్కేలు పెట్టి గీసినట్టు, కాగితం ఈ చివర్నుంచి ఆ చివరికి. అడ్డదిడ్డంగా పడటం జరగని పని. ఈ గీత ఏటవాలుగా ఉంది. అంచులు పీచుపీచుగా ఉన్నాయి. ఎడమ కనుబొమ దగ్గర మొదలై... ముక్కు మీదుగా... కుడి దవడ దాకా.

అది చిరుగు. చిరగని కాగితం మీద అచ్చయిన చిరుగు.

హాల్లో తాడు చప్పుడు ఆగింది.

"తాతయ్యా..." పిడుగు లోపలికొచ్చింది. "ఇక్కడేదో గీసుకుంది."

పిల్ల ముఖం మీద సన్నటి ఎర్రని గీత. తలగడ మడత ఒత్తుకుంటే పడే గీతలా ఉంది. ఎడమ కనుబొమ దగ్గర్నుంచి. మేస్త్రి వేలితో తడిమాడు. రక్తం లేదు, గాయం లేదు. "తాడు తగిలుంటుందే" అన్నాడు, ఆ మాట తనకే నమ్మకంగా అనిపించలేదు. పిల్లని వంటింట్లోకి పంపి, ప్రింటరు తీగ గోడలోంచి పీకేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకపోవడమేంటి, ఆయన ఎప్పుడు మరిచిపోయాడు గనక! "ఎవరో" అన్నది పచ్చి అబద్ధం.

పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. శాలువా కప్పుకున్న ఒకావిడ ఏడాదిన్నర బిడ్డని ఒళ్ళో పెట్టుకుని స్టూడియోలో స్టూలు మీద కూర్చుంది. బిడ్డతో అదే మొదటి ఫోటో అని చెప్పింది. బిడ్డ ఒక్క క్షణం కుదురుగా లేదు. "పిల్లని గట్టిగా పట్టుకోవమ్మా! కదలొద్దు... ఇంకొక్కటే... ఇంకొక్కటే" అని మేస్త్రి అయిదుసార్లు తీశాడు. అయిదింటిలోనూ బిడ్డ అలుక్కుపోయింది. బిడ్డని పట్టుకోవడం చేతకానివాళ్ళకి ఫోటోలెందుకని విసుక్కుంటూ కడిగిన ఫిల్మ్ చూశాడు. చూస్తే, ఆ బూడిద రంగు! టెస్టు బొమ్మ కోసం ఆర్నెల్లుగా వెతుకుతున్నాడు. కత్తెర తీసుకుని నెగటివ్‌ని అడ్డంగా కత్తిరించాడు. ముఖం, శాలువా ఉన్న సగాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. బిడ్డ ఉన్న సగాన్ని బుట్టలో వేశాడు. మిగతా నాలుగు నెగటివ్‌లూ బుట్టలోకే పోయాయి.

ఆవిడ నెల తిరిగాక వచ్చింది. ఫోటో పాడైంది, మళ్ళీ పిల్లని తీసుకొస్తే ఊరికే తీస్తానన్నాడు.

"పాప లేదండీ," అంది.

అంటే ఏంటని ఆయన అడగలేదు. వెనక ఇంకో గిరాకీ నిలబడి ఉంది. ఆవిడ బల్ల పక్కన బుట్టలోకి చూసింది. ఆ పొద్దున చింపిన టెస్టు బొమ్మ ముక్క అందులో పైనే ఉంది. వంగి తీసుకుంది.

"ఇది నేనే కదా. మిగతా సగం ఏదండీ?"

"అది కదిలిందమ్మా. పనికిరాదు. పారేశాం."

"కదిలినా ఫర్వాలేదండీ. నాకదే చాలు."

మేస్త్రి నవ్వాడు. పని తెలియనివాళ్ళ మాటలు విన్నప్పుడు ఎప్పుడూ నవ్వే నవ్వు. ఆవిడ ఆ ముక్కని శాలువాలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ టెస్టు బొమ్మ వేశాడు. చూసుకున్నాడు. చింపాడు.

పక్కనే ఏదో గురగురలాడింది.

మేస్త్రి తల తిప్పాడు. తీగ కింద పడి ఉంది. ప్రింటరు మీద పచ్చ దీపం వెలిగింది... వెనకనుంచి కాగితం తనంతట తనే లోపలికి జారింది. అటు... ఇటు... అటు... ఇటు... చాలా నెమ్మదిగా. ఇంకు వాసనలో ఇంకేదో కలిసింది. పాల వాసన. పసిపిల్లల మెడ దగ్గర ఉండే వాసన.

మెడ వెనక చల్లటి ఊపిరి తగిలింది.

"మిగతా సగం..."

గుసగుస. అంతే. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు.

కాగితం బయటికొచ్చింది. ముఖం, శాలువా, మోచేతులు, ఒడి. నిండు బొమ్మ. ఒళ్ళో బిడ్డ ఉంది. అలుక్కుపోయిన బిడ్డ, ముక్కూ కళ్ళూ తెలియడం లేదు. మేస్త్రి బొటనవేళ్ళు వాటంతటవే కాగితం మీద చిరిగే చోటుకి చేరాయి. లాగబోయి ఆగాడు. బిడ్డ ఒంటి మీద పసుపు రంగు గౌను ఉంది. మెడ చుట్టూ తెల్లటి లేసు.

ఆ గౌను ఆయనకి తెలుసు. పిడుగు పుట్టినరోజుకని మొన్న ఆయనే కొన్నాడు. ఎవరికీ చూపించలేదు. ఆయన బీరువాలో, పాత కెమెరా పెట్టె వెనక, పొట్లం విప్పకుండా ఉంది. పరుగున వెళ్ళి చూశాడు. పొట్లం కట్టినట్టే ఉంది.

ఏళ్ళ తరబడి ఆ ముఖాన్ని చింపిన చేతులు ఆ బొమ్మని చింపలేకపోయాయి.

సోమవారం ప్రింటర్ని షాపుకి మోసుకెళ్ళాడు. సేల్స్‌మన్ నవ్వు ఈసారి పూర్తిగా ఉంది.

"ఇంకు పోశాక వెనక్కి తీసుకోం సార్. ఏం, బూడిద రంగు నచ్చలేదా?"

ఆ వెటకారం వినగానే మేస్త్రికి ఎవరో గుర్తొచ్చారు. కాసేపటికి తెలిసింది, తనే. వచ్చేటప్పుడు వీధి చివర చెత్తకుండీ పక్కన పెట్టేసి ఇంటికి నడిచాడు. ఇంకో పావుగంటకి భార్య దాన్ని చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"మతిపోయిందా ఏమండీ? కొత్త వస్తువు పారేస్తారా? కింద వాటావిడ చూసింది కాబట్టి సరిపోయింది." తీసుకెళ్ళి దాని చోట దాన్ని పెట్టింది.

మధ్యాహ్నం అది ఇంకో బొమ్మ వేసింది. తీగ లేదు. మంగళవారం ఇంకు డబ్బీలన్నీ పీకి పారేశాడు. మధ్యాహ్నం ఇంకోటి. బుధవారం ఇంట్లో ఉన్న కాగితాలన్నీ కట్టగట్టి కింద వాటాలో ఇచ్చేశాడు. మధ్యాహ్నం ఇంకోటి. ఎవరి కాగితమో, ఎక్కడిదో! అన్నిటిలోనూ అదే స్టూలు, అదే శాలువా, ఒళ్ళో అదే పసుపు గౌను. ఒక్కటే తేడా. రోజురోజుకీ బిడ్డ అలుక్కుపోవడం తగ్గుతోంది. సోమవారం నాటికి జడ తెలిసింది. మంగళవారం చెవి. బుధవారం గడ్డం మీద పుట్టుమచ్చ. అది పిడుగు గడ్డం మీది మచ్చే.

హాల్లో తాడు చప్పుడు తగ్గుతోంది. రోజూ వంద గెంతే పిల్ల సోమవారం అరవైకి ఆగింది. మంగళవారం ముప్పై. గురువారం పది గెంతి తాడు కింద పెట్టేసి, సోఫాలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"కాళ్ళు బరువుగా ఉన్నాయి తాతయ్యా."

కూతురు ఒళ్ళు పట్టి చూసింది, నాడి చూసింది, గొంతు చూసింది. ఏమీ లేదంది. "ఎనిమిదేళ్ళొస్తున్నాయి కదా నాన్నా, కుదురొస్తోంది. మంచిదే."

"ఇన్నాళ్ళకి నా చెవులకి శాంతి," అంది భార్య.

మేస్త్రి బొమ్మలన్నీ తెచ్చి బల్ల మీద వరసగా పరిచాడు. మొత్తం చెప్పాడు. కత్తెర, బుట్ట, చివరికి తన నవ్వు కూడా. కూతురు ఒక్కో బొమ్మా చేతిలోకి తీసుకుని చూసి, తండ్రి ముఖంలోకి చూసింది. ఆ చూపు ఆయనకి బాగా తెలుసు. అల్లుడి సూర్యాస్తమయాలని ఆయన చూసేది అలాగే.

"ఇవన్నీ తెల్లకాగితాలు నాన్నా."

శుక్రవారం ఆయన తలుపు వేసుకుని ఆ యంత్రం ముందు కూర్చున్నాడు. జీవితంలో ఎవరికీ పెట్టని దణ్ణం పెట్టాడు. అదీ ఉమ్మి డబ్బాకి.

"తప్పయిపోయిందమ్మా. మిగతా సగం నా దగ్గర లేదు. ఉంటే ఇవ్వనా? నా పిల్ల జోలికి రాకమ్మా..."

లోపల యంత్రం ఒక గుటక వేసింది. తర్వాత చెవి పక్కనే, చాలా మర్యాదగా...

"కదిలినా చాలన్నాను... అప్పుడు."

ఆదివారం. పుట్టినరోజు. పొద్దున్నే పొట్లం ఎవరు విప్పారో తెలియదు. ఎవర్నడిగినా నేను కాదన్నారు. పిడుగు పసుపు గౌను తొడుక్కుని హాల్లోకి వచ్చింది. ముఖం మీద గీత ఎప్పుడో మాసిపోయింది. తాడు తలుపు గొళ్ళేనికి వేలాడుతోంది. మేస్త్రి దాన్ని తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

"ఒక్కసారి గెంతవే. తాతయ్య కోసం. ఒక్కటి."

పిల్ల గెంతింది. టప్. తాడు జారి కింద పడింది.

మధ్యాహ్నం చిన్నగదిలో గురగుర వినగానే మేస్త్రి పరిగెత్తాడు. కాగితాన్ని బయటికి రానివ్వకూడదని రెండు చేతులతో పట్టుకున్నాడు. అది ఆయన వేళ్ళ మధ్యనుంచే వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. ముప్పై ఏళ్ళ పనిలో అంత స్పష్టమైన ఫోటో ఆయన చూడలేదు. పిల్ల కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. శాలువా చేతులు దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఎక్కడా కదలలేదు. ఆవిడ నవ్వుతోంది. ఇన్ని వేలసార్లు చూశాడు, ఆ ముఖం నవ్వడం ఇదే మొదలు.

చింపితే? బొటనవేళ్ళు ఆ చోట ఆనాయి. ఆ చిరుగు పిల్ల ముఖం మీద కూడా పడుతుంది. చింపకపోతే...

హాల్లోంచి ఏ చప్పుడూ లేదు.

"పిడుగూ..."

బొమ్మ చేతిలో ఉండగానే హాల్లోకి వెళ్ళాడు. గోడ పక్కన వంటింటి స్టూలు ఉంది. అక్కడికి ఎవరు తెచ్చారో! దాని మీద పిడుగు కూర్చుంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్ళో, చూపు తిన్నగా ముందుకి. ఎదురుగా కెమెరా ఉన్నట్టు. రెప్ప వేయడం లేదు.

"అమ్మలూ... లేవే... తాడాడుకుందాం..."

పిల్ల ముఖంలో పెదవులు మాత్రం కదిలాయి. అవి కూడా ఊపిరాడినంత మేరకే.

"కదలొద్దంటోంది తాతయ్యా... ఇంకొక్కటేనట."

వెనక చిన్నగదిలో కాగితం లోపలికి జారిన చప్పుడైంది.

మేస్త్రి కళ్ళు పిల్ల భుజం దగ్గర నిలిచిపోయాయి. పసుపు గౌను అక్కడ నలిగి లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు వేళ్ళంత నొక్కులు. చూస్తుండగానే అవి ఇంకాస్త బిగిశాయి.